కత్తెరత్త, వెన్నముద్ద

జూన్ 3

అత్తా,

నువ్వు బాగున్నావా అని అడగను. బాగోకపోతే నువ్వే అందరికీ చెప్పి ఉండేదానివి, ఆ కబురు ఈపాటికి నాన్న దాకా వచ్చేది. నేను బాగున్నాను. హోటల్లో ఉద్యోగంలో చేరాను. మరీ పెద్దది కాదు, మూడంతస్తులు. కింద ముందు గదిలో పొడుగాటి చెక్క బల్ల, దాని వెనక నేను, నా వెనక తాళంచెవులు వేలాడే పలక. బల్ల మీద నొక్కితే మోగే గంట ఒకటి ఉంది. పిల్లలు వచ్చారంటే దాన్ని వదలరు. వద్దని చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

నా గది పై అంతస్తులో, బట్టలుతికే యంత్రాల పక్కన. అవి తిరిగినంతసేపూ నా మంచం కూడా వణుకుతుంది. అలవాటైపోయింది. ఆదివారం యంత్రాలు ఆపేస్తే నాకు నిద్ర పట్టడం లేదు.

పని కష్టమేమీ కాదు. వచ్చినవాళ్ళకు గది ఇవ్వాలి, వెళ్ళేవాళ్ళ దగ్గర తాళం తీసుకోవాలి, వెనకవైపున్న హాలును విందులకూ సభలకూ అడిగితే తేదీ రాసుకోవాలి. కష్టమల్లా 'లేదు' అనడమే. నిన్న ఒకాయన కిటికీ ఉన్న గది కావాలన్నాడు. ఖాళీ లేదు. కానీ ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని అడిగాడత్తా. టోపీ తీసి అడిగిన మనిషికి లేదని ఎలా చెప్పను? కిటికీ గదిలో ఉన్నావిడ దగ్గరికి వెళ్ళి, టీ ఇచ్చి, ఆవిడ మోకాళ్ళ నొప్పుల కథంతా విని, చివరికి నసుగుతూ అడిగాను. 'మెట్ల దగ్గర గదైతే నాకే మంచిదమ్మా' అని ఆవిడ సంతోషంగా మారింది. ఈలోగా కింద బల్ల దగ్గర జనం నిలబడిపోయారు. మేనేజరు గారు వచ్చి నా వంక చూశారు. ఆయనకు మాట తక్కువ, చూపు ఎక్కువ.

నాన్న ఒక సంగతి చెప్పాడు. నీ కుట్టుకొట్టుకు ఎదురుగా ఇంకో కొట్టు పెట్టారట, అద్దాల తలుపులతో. నీ దగ్గర కుట్టించుకునేవాళ్ళు కొందరు అటు వెళ్తున్నారట. అత్తా, నేను చిన్నదాన్ని, చెప్పకూడదు. నువ్వు మొహం మీద చెప్పేది నిజమే. కానీ ఆ నిజానికి ముందు ఒక్క మంచి మాట వేస్తే ఏం పోతుంది? బట్టను కత్తిరించే ముందు తడిపి ఆరేస్తావు కదా, అలాగ. కోపం వస్తే ఈ నాలుగు ముక్కలూ చదవనట్టే ఉండు.

మామయ్యను అడిగానని చెప్పు.

నీ
వెన్నముద్ద

•

జూన్ 11

వెన్నముద్దా,

కోపం వచ్చింది. అందుకే రెండోసారి కూడా చదివాను.

ఈ కాలంలో ఉత్తరాలేమిటి, ఫోను చేసుకోవచ్చు కదా అంటున్నాడు మీ మామయ్య. నేను మొదలుపెడితే ఆపలేను, నువ్వు పెట్టెయ్యలేవు. పోయినసారి నాతో మాట్లాడాక నీ చెవి ఎర్రగా కందిపోయిందని మీ నాన్న చెప్పాడు. నువ్వెందుకు చెబుతావు? కాగితమే నయం. నా మాట గుచ్చుకుంటే మడిచి పక్కన పెట్టుకోవచ్చు.

ఎదురుకొట్టు సంగతి నిజమే. పెట్టినవాడి చెయ్యి మంచిది, నేను చూశాను. కాకపోతే మనిషి గుమ్మం ఎక్కకముందే 'మీకు ఏదైనా బాగుంటుందండీ' అంటాడు. ఏదైనా బాగుండేది ఏనుగుకే, అదీ ఏమీ వేసుకోదు కాబట్టి. జనానికి ఆ మాట తియ్యగా ఉంది, వెళ్తున్నారు. బ్యాంకావిడ తెలుసుగా నీకు? నేను కొట్టు తెరిచిన నాటినుంచీ నా దగ్గరే కుట్టించుకుంటుంది. మొన్న గుమ్మడిపండు రంగులో తళతళలాడే గుడ్డ తెచ్చి గౌను కుట్టమంది. 'ఇది కిటికీకి బాగుంటుంది, మీకు కాదు' అన్నాను. ఆవిడ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. 'ఒక్క మాట మింగితే పోయేదా' అన్నాడు మీ మామయ్య ఇస్త్రీ చేస్తూ. ఇప్పుడు నువ్వూ అదే పాట. ఇద్దరూ కూడబలుక్కున్నారా?

సరే, నీ మాట వింటాను. కానీ ఊరికే వినను. చిన్నప్పుడు పక్కింటి పిల్ల నీ బొమ్మ అడిగితే ఇచ్చేశావు. ఇచ్చాక ఆ పిల్లకు బరువవుతుందేమోనని వాళ్ళింటి దాకా నువ్వే మోసుకెళ్ళావు. ఆ రోజే నీకీ పేరు పెట్టాను. అప్పుడు ముద్దుగా ఉండేది. ఉద్యోగంలో ముద్దుగా ఉండదు. అందరికీ సరే అనే మనిషిని చివరికి అందరూ కలిసి తిడతారు.

కాబట్టి పందెం. నెల రోజులు నేను నోట్లో చక్కెర వేసుకుంటాను. ఆ నెలంతా నువ్వు 'కుదరదు' అనడం నేర్చుకో. అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి. మొదటి అక్షరం దగ్గర గొంతు బిగించు, చివరి అక్షరం దగ్గర నోరు మూసెయ్. ఆ తర్వాత 'కానీ' అని తగిలించావో, మళ్ళీ మొదటికొస్తావు.

ఎవరు ముందు ఓడిపోతారో చూద్దాం. నేనైతే కాదు.

మీ అత్త

•

జూన్ 21

కత్తెరత్తకు,

సాధన చేస్తున్నాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'కుదరదు, కుదరదు' అనుకుంటుంటే, గోడ అవతల బట్టలుతికే ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. 'ఏం కుదరదమ్మా? నేనేం అడిగాను?' అంది పాపం. ఆవిడను సముదాయించడానికి ఆవిడ దుప్పట్లన్నీ నేను మడతపెట్టాల్సి వచ్చింది.

మొన్న మాత్రం నిజంగా అనేశాను. మేనేజరు గారు బల్ల దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు. ఏదో అడగబోతున్నారని తెలిసింది. ధైర్యమంతా కూడగట్టుకున్నాను. 'ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. మా ఆవిడ పిలవమంది' అన్నారు. నేను 'కుదరదు' అన్నాను. నువ్వు చెప్పినట్టే నోరు మూసేశాను. ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయారు. తర్వాత వంటమాస్టారు చెప్పాడు, ఆయన పనిచేసేవాళ్ళలో ఎవర్నీ ఇంతవరకు ఇంటికి పిలవలేదట. ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా ఉంటున్నానని నా మీద జాలిపడ్డారట.

అత్తా, నాలో రోజుకు ఒక్క 'కుదరదు'కు సరిపడా ధైర్యమే ఉంది. అది ఆయన మీద ఖర్చయిపోయింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే అసలు గండం వచ్చింది.

జూలై తొమ్మిది సాయంత్రానికి హాలు ముందే ఇచ్చేశాను. బస్సు డిపో వాళ్ళకు. అక్కడ ఒక డ్రైవరమ్మ ఉద్యోగం చాలించి ఇంటికెళ్తోంది. డ్యూటీలన్నీ మార్చుకుని, ఆ ఒక్క సాయంత్రమే అందరికీ వీలు చేసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఒక ముసలి జంట వచ్చారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియలేదు. వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళట. పెళ్ళి విందు ఈ హాల్లోనే జరిగిందట. మళ్ళీ అదే తేదీకి అదే హాలు కావాలట. జూలై తొమ్మిది. ఆవిడ గోడను చేత్తో తడిమి, 'రంగు మార్చారు' అంది. నేను సరేనన్నాను. నా నోరు కాదత్తా, ఇంకెవరో నాలోంచి అన్నట్టుంది.

మేనేజరు గారికి చెప్పాలి. కానీ భోజనానికి రానన్న మొహంతో వెళ్ళి ఈ మాట ఎలా చెప్పను? అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. ఒక్కటే దారి తోచింది. హాలు మధ్యలో తెర కడితే అటు సగం, ఇటు సగం. హాలు పెద్దదే. నువ్వు కుట్టి పంపగలవా? కొలతలు చీటీ మీద రాసి జత చేశాను.

నువ్వు తిడతావని తెలుసు. తిట్టి, కుట్టు.

నీ
వెన్నముద్ద

•

జూన్ 28

వెన్నముద్దా,

తిట్టాను. నీకు వినపడి ఉండదు, మీ మామయ్యకు వినపడింది. ఆ తర్వాత కుట్టాను. ముదురు నీలం మందపాటి గుడ్డ తాను ఒకటి నా దగ్గర పడి ఉంది. రెండు వరసలు కుట్టాను, పీకినా రాదు. రేపు బస్సులో వేస్తున్నాను. నీ కొలతలో ఒక్క అంగుళం తేడా ఉండదు. కొలత నీదీ, కుట్టు నాదీ, గుర్తుంచుకో.

తెర వెనక దాక్కోవడం చిన్నపిల్లల ఆట. ఈ ఉత్తరం మడిచే లోపు వెళ్ళి మేనేజరుకు చెప్పు. ఆయన తిడితే నిలబడి విను. తిట్లకు ప్రాణం పోయేటట్టయితే మీ మామయ్య ఎప్పుడో పోవాలి.

ఇక నా చక్కెర సంగతి. వీధి వీధంతా నాకేదో జబ్బు చేసిందనుకుంటోంది. 'ఏదైనా బాగుంటుందండీ, మీ ఇష్టమండీ' అని వారంపాటు అన్నాను. మూలింటావిడ పళ్ళు తీసుకుని పలకరించడానికి వచ్చింది. మందులషాపు ఆయన మామయ్యను పక్కకు పిలిచి, 'ఎప్పటినుంచి ఇలా ఉంది?' అని అడిగాడు. మామయ్య నవ్వు ఆపుకోలేక ఒక చొక్కా కాలర్ కాల్చేశాడు.

బ్యాంకావిడ మళ్ళీ వచ్చింది. అదే గుమ్మడిపండు గుడ్డ బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూసింది. నేను చక్కెర మింగి, 'బాగుంటుందండీ' అన్నాను. అడిగినట్టే కుట్టాను, చేతులకు కుచ్చులు కూడా పెట్టి. నిన్న వేసుకుని అద్దం చూసుకుంది. నన్ను చూసింది. మళ్ళీ అద్దం చూసుకుంది. 'నిజంగా బాగుందా?' అంది. 'నిజంగానే' అన్నాను. డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ 'నిజంగానే' నా గొంతులో చేపముల్లులా ఇంకా అక్కడే ఉంది.

నువ్వు చెప్పిన మంచి మాట నాకు పడటం లేదు. అయినా నెల పూర్తి చేస్తాను. పందెం పందెమే.

మీ అత్త

•

జూలై 14

అత్తా,

తెర సమయానికి అందింది. చాలా బాగుంది. కింద నుంచి గాలి కూడా బాగా ఆడింది. నీ కుట్టును అందరూ మెచ్చుకున్నారు.

మేనేజరు గారికి చెప్పాను, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆయన కూడా హాలుకు వచ్చారు. అందరి ముందూ ఆయనతో ఒక మాట అన్నాను. సోమవారం తన గదికి పిలిపించారు. వెళ్ళాను. ఇక నుంచి నేను బల్ల దగ్గర కూర్చోవడం లేదు. గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. బట్టలు సర్దుకుంటూ మధ్యలో ఇది రాస్తున్నాను. సామాను మోయడానికి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోవడం లేదు. ఆయన్ను నిలబెట్టి ఉత్తరం రాసుకోవడం బాగోదు కదా.

మిగతాది తీరిగ్గా రాస్తాను. నువ్వేం బెంగపెట్టుకోకు.

నీ
వెన్నముద్ద

•

జూలై 19

ఒసే పిచ్చిదానా,

ఉద్యోగం పోయిందని ఎవరైనా ఇలా రాస్తారా, గాలి బాగా ఆడిందని మొదలుపెట్టి? ఎవరో కూలాయన కాళ్ళు నొప్పెడతాయని నీ బతుకు సంగతి సగంలో ఆపేస్తావా? నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఒకరి నడుము కొలుస్తున్నాను. టేపు ఆవిడకే చుట్టి వదిలేసి వచ్చి చదివాను.

అసలు గాలేమిటి? తెరకు కింద గాలెందుకాడుతుంది? నేను కుట్టిన తెర నేలను తుడవాలి. అది కూడా దాచావన్నమాట.

సరే, విను. ఏడవకు. తప్పు నీది ఎంతో ఆ మేనేజరుదీ అంతే. అది ఆయనకే రాశాను. అవును, రాశాను, నిన్ననే పోస్టులో వేశాను. నువ్వు వద్దంటావని నీకు ముందు చెప్పలేదు. 'అయ్యా, మా మేనకోడలికి లేదు అనడం రాదు. పుట్టినప్పటినుంచీ రాదు. మొదటి రోజు కాసేపు చూస్తే ఎవరికైనా తెలిసే సంగతి. మీరు పెద్ద చూపు చూస్తారని రాసింది. ఆ చూపుతో ఇది ఎందుకు చూడలేదు? దానికి మనుషులంటే ప్రాణం. అలాంటి పిల్లను తాళాల పలక ముందు కూర్చోబెట్టి, తీరా తప్పు జరిగాక గది ఖాళీ చెయ్యమంటే, నష్టం మీ హోటల్‌కే. భోజనానికి రాననడం మాత్రం నా తప్పు, నేనే నేర్పాను. మీ ఆవిడకు ఆ ముక్క చెప్పండి' అని రాశాను. ఇంకా ఉంది కానీ ముఖ్యమైనది ఇదే.

నువ్వు వచ్చెయ్. నా మిషను పక్కన కుర్చీ వేశాను. ఒక కాలు ఊగుతుంటే మామయ్య చెక్కముక్క పెట్టి సరిచేశాడు. వచ్చినవాళ్ళకు నువ్వు టీ ఇచ్చి కబుర్లు చెబుదువుగాని. తిట్టడానికి ఎలాగూ నేనున్నాను.

పందెం రద్దు. నా వల్ల కాలేదు, నీ వల్లా కాలేదు.

అత్త

•

జూలై 27

అత్తా, అత్తా,

ఉద్యోగం పోలేదు. గది మారింది అంతే. యంత్రాల పక్కనుంచి కిందికి, తోట వైపు కిటికీ ఉన్న గదికి మార్చారు. నేనేం రాశానో నాకే గుర్తులేదు. ఈసారి ఏదీ దాచకుండా, మొదటినుంచి చివరిదాకా రాస్తాను. సామాను మోసేవాళ్ళెవరూ గుమ్మంలో లేరు.

మేనేజరుకు చెప్పమన్న నీ ఉత్తరం అందిన రోజే ఆయన గదికి వెళ్ళాను. ఆయన ఊరికి బయల్దేరుతూ పెట్టె మూత పడక కుస్తీ పడుతున్నారు. 'వచ్చాక చెబుదువుగాని' అన్నారు. నేను పెట్టె మీద కూర్చుని మూత పడేట్టు చేసి వచ్చేశాను. చెప్పడం మాత్రం అవలేదు. ఆయన తిరిగొచ్చింది తొమ్మిదో తారీఖు పొద్దున. అప్పుడు చెప్పాను. ఆయన కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. 'మరి సాయంత్రం?' అన్నారు. 'తెర ఉందండి' అన్నాను. 'తెరా' అని ఇంకో గ్లాసు తాగారు.

ఇక గాలి సంగతి. ఎత్తు కొలవాలంటే నిచ్చెన కావాలి. ఆ రోజు వడ్రంగి ఆయన భోజనం చేసి కునుకు తీస్తుంటే లేపడానికి మొహమాటమేసింది. చీపురుకర్ర పైకెత్తి, కంటితో అంచనా వేసి నీకు రాశాను. కట్టాక చూస్తే నీ తెర నేలకు మోకాలెత్తున ఆగిపోయింది. అటువైపు డ్రైవర్ల బూట్లన్నీ వరసగా కనపడుతున్నాయి. ఇటువైపు ముసలాయన చేతికర్ర, వాళ్ళ చుట్టాల చెప్పులు.

మొదట పిల్లలు దూరారు. ఇటు పిల్లలు అటు, అటు పిల్లలు ఇటు. వాళ్ళను పట్టుకోవడానికి అమ్మలు వంగారు. ఈ జంట వైపు పాటలు ఉన్నాయి, వాళ్ళ చుట్టం ఒకాయన వయొలిన్ తెచ్చాడు. డిపో వైపు పాటల్లేవు కానీ బస్సు ఆకారంలో పెద్ద కేకు ఉంది. పాట ఆగితే తెర అవతలనుంచి డ్రైవరమ్మ గొంతు వినపడింది. బస్సు చివరి సీటు దాకా వినపడే గొంతు అది. 'ఆపకండి, బాగుంది.' ముసలావిడ ఇటునుంచి, 'మీ కేకు వాసన కూడా బాగుంది' అంది.

సరిగ్గా అప్పుడు ఆ జంట కొడుకు మేనేజరు గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. హాలంతా మాకేనన్నారు, ఇదేమిటని గట్టిగా అడుగుతున్నాడు. అతను ఏడాది పొడుగునా తన కంపెనీ సమావేశాలు మా హాల్లోనే పెట్టిస్తాడు. మేనేజరు గారు నన్ను పక్కకు పిలిచి, 'డిపో వాళ్ళను వెనక భోజనాల గదిలోకి పంపెయ్' అన్నారు.

'కుదరదండి' అన్నాను.

గొంతు బిగించలేదత్తా. నోరు మూయలేదు కూడా. 'ఆవిడ ఇన్నేళ్ళూ ఎవరి చోట వాళ్ళను దింపింది. ఈ ఒక్క రోజు ఆవిడను మధ్యలో దిగిపొమ్మని నేను చెప్పలేను. మీరు చెప్పమంటే నేను ముందు ఉద్యోగం మానేస్తాను, తర్వాత ఇంకెవరితోనైనా చెప్పించండి' అన్నాను. అదంతా నా నోట్లోంచే వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ కొడుకు వంకే చూస్తున్నాను, అతనికి బాధ కలుగుతుందేమోనని కూడా అనిపిస్తోంది. ఏదో ఒకటి అనడానికి మేనేజరు గారు నోరు తెరిచేలోపు, ముసలావిడ భర్త చేతికర్రతో తెర అంచు పైకెత్తింది. 'అబ్బాయ్, ఈ గుడ్డ ఊడదీయించు. అటు కుర్చీలు మెత్తగా ఉన్నాయి' అంది. 'అమ్మా, ఇది మీ రోజు' అన్నాడతను. 'మా పెళ్ళికి మొత్తం పదిమంది కూడా రాలేదురా. ఈ మాత్రం సందడి ఇన్నాళ్ళకు చూస్తున్నాను' అంది ఆవిడ.

తెర తీసేశాం. వయొలినాయన రెండు వైపుల మధ్యా నిలబడి వాయించాడు. వంటమాస్టారు రెండువైపుల వంటకాలూ ఒకే బల్ల మీదికి చేర్చాడు. డ్రైవర్లు ఆ జంటను బస్సు ముందు సీటని చెప్పి రెండు కుర్చీలేసి కూర్చోబెట్టారు. ముసలాయన ప్రతి ఐదు నిమిషాలకూ లేచి 'ఇక్కడ ఆపండి, మా ఆవిడ దిగుతుంది' అనేవాడు. నవ్వలేక చచ్చాం. చివరికి ఆ కొడుకు కూడా కండక్టరు టోపీ పెట్టుకుని టికెట్లంటూ తిరిగాడు. మేనేజరు గారు మాత్రం ఒక మూల నిలబడి చూస్తూనే ఉన్నారు.

సోమవారం ఆయన అన్నది ఇది. 'లేదనడం రాని మనిషిని లేదనాల్సిన చోట పెట్టాను. బల్ల దగ్గరికి సామాన్ల గదాయన వస్తాడు. అతను అడగకముందే లేదంటాడు. తేదీలు అతను చూసుకుంటాడు. లోపలికి వచ్చాక మనుషుల్ని నువ్వు చూసుకో.' ఇప్పుడు హాలుకు, అందులో జరిగేవాటికి నేనే బాధ్యురాలిని. ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఎవరికి ఎవరి పక్కన కూర్చోవడం ఇష్టం లేదు, ఏ పిల్ల ఏం తినదు, ఇవన్నీ కనుక్కోవడమే నా పని. దానికి జీతం ఇస్తారంటే నమ్మలేకుండా ఉన్నాను.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది ఆయనకు. పిలిచి నా ముందే నిలబడి చదివారు. రెండో పేజీ దగ్గర కూర్చున్నారు. మడిచి జేబులో పెట్టుకుని, 'ఇలాంటి అత్త ఉండగా నువ్విలా ఎలా తయారయ్యావు?' అన్నారు.

'అందుకేనండి' అన్నాను.

ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళావిడ నీ ఉత్తరం అడిగి తీసుకుని చదువుకుంది.

డ్రైవరమ్మ ఒక రోజు నీ దగ్గరికి రావచ్చు. నీ అడ్రసు అడిగితే ఇచ్చాను.

నీ
వెన్నముద్ద

•

ఆగస్టు 5

వెన్నముద్దా,

చీపురుకర్రతో కొలిచిందట. ఈ ముక్క మీ మామయ్యకు చదివి వినిపించాను. ఆయన ఇంకా నవ్వుతున్నాడు.

ఉద్యోగం పోలేదన్న కబురు చూడగానే కొట్టు తలుపు వేసి, నీ ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను. మొహమాటం వదలమని నీకు ఇన్నాళ్ళూ చెప్పాను. ఆ డ్రైవరమ్మ మనసు కష్టపెట్టలేని ఆ మొహమాటంతోనే మేనేజరును ఎదిరించావని అర్థమైంది నాకు. గుడ్డకు నేతదారి ఉంటుంది. దానికి అడ్డంగా కత్తిరిస్తే ఎంత మంచి దర్జీ కుట్టినా సాగిపోతుంది. ఇంతకాలం కత్తెర పట్టినదాన్ని, నీ విషయంలో ఆ సంగతి మరిచాను. ఇంతకన్నా మెచ్చుకోవడం నాకు రాదు, దీంతో సరిపెట్టుకో.

బ్యాంకావిడ వచ్చింది. గౌను సంచిలోంచి తీసి బల్ల మీద పడేసింది. 'దీన్ని వేసుకుని ఆఫీసుకెళ్తే అందరూ బాగుందన్నారు. ఇంట్లో బాగుందన్నారు. ఎదురుకొట్టాయన గుమ్మంలోంచే బాగుందన్నాడు. బాగోలేదని నాకు తెలుసు. నువ్వు కూడా బాగుందంటే ఇక నేనెవర్ని అడగను?' అంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. గౌనుకు కాదు. ఆవిడ మా కొట్టు మెట్లెక్కేది ఒక్క కుట్టుకోసమే కాదన్న సంగతి నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. 'గుమ్మడిపండులా ఉన్నారు' అన్నాను. 'ఆఁ, అదీ' అని కుర్చీ లాక్కుని కూర్చుంది, టీ అడిగింది. గౌను కుట్లు విప్పి, కుచ్చులు పీకి, కిటికీ తెర కుట్టిచ్చాను. వాళ్ళ వంటింట్లో బ్రహ్మాండంగా ఉందట.

ఇంకో వింత. ఎదురుకొట్టువాడు మనుషుల్ని నా దగ్గరికి పంపుతున్నాడు. 'ఏ గుడ్డ నప్పుతుందో ముందు ఆవిడ్ని అడిగి రండి, తర్వాత నేను కుడతాను' అంటాడట. ఏదీ కాదనలేక, ఒప్పుకున్న తేదీలన్నీ మీద పడి చస్తున్నాడు పాపం. అచ్చం నీ బాపతు. నేను అడిగినవాళ్ళకు చెబుతున్నాను. సగంమంది అటు వెళ్తున్నారు, సగంమంది నా దగ్గరే ఆగిపోతున్నారు.

మీ డ్రైవరమ్మ నిన్న దిగింది. వచ్చీ రాగానే, 'ఖాకీ తప్ప వేసుకోలేదు. నాకేం నప్పుతుందో నాకు తెలీదు. మీరు మొహం మీద చెబుతారని విన్నాను' అంది. చుట్టూ తిరిగి చూశాను. 'మీ భుజాలు వెడల్పు, దాచకండి. ఆకుపచ్చ వేసుకోండి. ఆ పూల గుడ్డ జోలికి పోకండి' అన్నాను. 'సరే' అంది. 'మెడకు చిన్న పట్టీ పెడతాను' అన్నాను. 'వద్దు' అంది. 'ఎందుకు?' అన్నాను. 'నచ్చలేదు' అంది. ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. ఇద్దరం మధ్యాహ్నం దాకా ఒకరి మాట ఒకరు కాదనుకుంటూ కూర్చున్నాం. మామయ్య భయపడి రెండుసార్లు తొంగి చూశాడు.

ఆకుపచ్చ కోటు శనివారానికి అయిపోతుంది. ఆదివారం అది వేసుకుని తన చుట్టాల వ్యాను తెస్తుందట, నన్ను ఎక్కించుకుని నీ దగ్గరికి వస్తుందట. పక్క సీట్లో కూర్చుని దారి చెబుతానన్నాను. 'దారి నాకు తెలుసు, మీరు నోరు మూసుకుని కూర్చోండి' అంది. నా జన్మలో నాతో ఆ మాట అన్న మొదటి మనిషి. వస్తున్నాం.

మీ అత్త

•

ఆగస్టు 9

అత్తా,

రండి, రండి. మేనేజరు గారి ఆవిడ నువ్వెప్పుడొస్తావని ఇప్పటికే నాలుగుసార్లు అడిగింది. వంటమాస్టారు నీకేం నచ్చదో ముందే చెప్పమంటున్నాడు. నువ్వు వచ్చాక నువ్వే చెబుతావన్నాను.

ఒకటే ఇబ్బంది. ఆదివారం హోటల్లో గదులన్నీ నిండిపోయాయి. బల్ల దగ్గరాయన్ను ఒక్కటి సర్దమని అడగబోయాను, నేను నోరు తెరవకముందే లేదన్నాడు. నా గదిలోనే సర్దుకుందాం. తోట వైపు కిటికీ, మంచి గాలి. మంచం మాత్రం ఒక్కటే ఉంది, ఇద్దరు పట్టరు. నేను ఎలాగూ నేల మీద పడుకుంటాను. మీ ఇద్దరిలో ఇంకొకరు కూడా నా పక్కన నేల మీదికి దిగాలి.

ఎవరు దిగాలో దారిలోనే తేల్చుకుని రండి. ఇక్కడికొచ్చాక ఆ మాట నన్ను చెప్పమనకండి.

నీ
వెన్నముద్ద